ఎత్తి తాగితేనే లోపలికి

కడప దాటి రాయచోటి దారిలో కొంతదూరం పోతే ఎడమచేతి పక్కన ఒక నీళ్ల పార్కు కనిపిస్తుంది. మూడంతస్తుల ఎత్తు నుంచి జారే గొట్టాలు, అలలు పుట్టించే కొలను, చిన్నపిల్లల నెత్తిన నీళ్లు కుమ్మరించే ప్లాస్టిక్ ఏనుగు, అన్నీ ఉన్నాయక్కడ. వాన మొహం చూసి ఎన్నాళ్లయిందో మరచిపోయిన ఊళ్ల నుంచి జనం ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చి మరీ ఆ నీళ్లలో పడతారు. అయితే ఎంత పెద్దమనిషైనా సరే, నీళ్లలో పడాలంటే ముందు కృపమణిని దాటాలి.

కృపమణిది కమలాపురం దగ్గర పల్లె. వయసు నలభై ఎనిమిది. చీర మీద ఖాకీ చొక్కా, చొక్కా జేబులో ఈల, నెత్తిన ఎప్పుడూ వంకరగా కూర్చునే టోపీ. మనిషి పొట్టి, గొంతు మాత్రం పార్కు అవతలి గోడదాకా పోతుంది. నాలుగేళ్ల కిందట పసుపు తవ్వే కూలిపనులు మాని ఇక్కడ ఊడ్చే పనికి చేరింది. ఇప్పుడు గేటు దగ్గర సంచులు చూసే ఉద్యోగం. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, తన తెలివితో తాను సంపాదించుకున్నది. ఆ సంగతిని ఆమె ఎవరినీ మరచిపోనివ్వదు.

అప్పట్లో పార్కుకు ఒక జబ్బు పట్టుకుంది. ఇది కుటుంబాలు వచ్చే చోటు, మద్యం తాగరాదు అని మేనేజరు జయకుమార్ తలుపంత బోర్డు పెట్టించాడు. ఆ బోర్డు నీడలోనే కూర్చుని తాగేవారు కొందరు. కూల్‌డ్రింకు సీసాల్లో మందు కలుపుకొచ్చి, కొలను గట్టున కాళ్లు నీళ్లలో పెట్టుకుని కొంచెం కొంచెంగా మింగి, మధ్యాహ్నానికి గొంతులు పెంచేవారు. చంకన పిల్లల్నేసుకున్న ఆడవాళ్లు తడిబట్టలతోనే ఇంటిదారి పట్టేవారు. కాపలావాళ్లు మూతలు తీసి వాసన చూసేవారు గానీ ఏం లాభం? నిమ్మసోడాలో కలిపితే నిమ్మకాయ వాసన, సుగంధివేరుతో కాచిన నన్నారి షర్బత్తులో కలిపితే నన్నారి వాసన. వాసనను నమ్ముకుంటే గేటు మునిగిపోతుందని తేలిపోయింది.

ఊడ్చే మనిషి కదా, కృపమణి వంగి చీపురు కదుపుతూనే ఓరకంట అన్నీ చూసేది. ఒకరోజు ఆమెకు సంగతి తట్టింది. ఈ సీమలో సీసా నీళ్లు ఎవరు తాగినా తల వెనక్కి వాల్చి, సీసా పైకెత్తి, పెదవి తగలకుండా గొంతులోకి పోసుకుంటారు. మూతి పెడితే ఎంగిలి. బడికి పోని పిల్లకు కూడా తెలిసిన మర్యాద అది. మందు కలిపినవాడు మాత్రం ఎత్తి తాగడు. తాగలేడు, గొంతు మండి పొలమారుతుంది. మూతి పెట్టి, గుక్క నోట్లో నిలిపి, కళ్లు చికిలించి మెల్లగా దించుకుంటాడు. నెలరోజులు చూసి చూసి ఖాయం చేసుకున్నాక, వాసన చూడటం మానేసి అందరినీ ఎత్తి తాగమనండి సార్ అని జయకుమార్‌కు చెప్పింది. ఆయన నవ్వాడు. నవ్వుతూనే మరుసటి ఆదివారం ఆమెను గేటు దగ్గర నిలబెట్టాడు. పొద్దు వాలేసరికి బల్ల మీద సీసాలు బారులు తీరి నిలబడ్డాయి. సోమవారం ఖాకీ చొక్కా వచ్చింది.

అప్పటినుంచి గేటు దగ్గర ఒకటే మాట. "ఒగ గుక్క ఎత్తి తాగప్పా, చాలు." నీళ్లో షర్బత్తో అయితే గటగటా దిగిపోతుంది. మందైతే గొంతులో పడగానే పొలమారి, ముక్కులోంచి కళ్లలోంచి నిజం బయటికొస్తుంది. కృపమణి అరవదు, సీసా పారబోయదు. బల్ల మీద పెట్టి, పోయేటప్పుడు తీసుకొమ్మని ఒక టోకెను ఇస్తుంది. కాకపోతే ఆ టోకెను మగవాడి చేతికివ్వదు, వెంట వచ్చిన ఇంటి ఆడమనిషికే ఇస్తుంది. ఈ రూలు జయకుమార్ పెట్టింది కాదు.

రాయచోటి నుంచి వచ్చిన ఓబుళేశు అనే సిమెంటు వ్యాపారి కథ పార్కులో ఇప్పటికీ చెప్పుకుంటారు. తనకు వేడి చేసిందనీ, డాక్టరు మెల్లగా తాగమన్నాడనీ ఆయన వాదించాడు. అట్లయితే మెల్లగానే ఎత్తమంది కృపమణి. ఎత్తాడు. పొలమారి ఎర్రగా కందిపోయిన ఆయన నెత్తిన ఆమె మెత్తగా తట్టి, ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారు, మీ ఇంటామె అయివుంటుంది అంటూ వెనక్కి చూసింది. వెనకనే ఉన్న భార్య మధులత చెయ్యి చాపి, టోకెను హ్యాండుబ్యాగులో వేసి జిప్పు లాగింది. సాయంత్రం ఆమె ఆ బల్ల వైపు చూడకుండానే కారెక్కింది. ఓబుళేశు రెండుసార్లు వెనక్కి చూశాడట.

ఇన్ని సీసాలు పట్టిన మనిషి ఇంట్లో ఒక సీసా ముప్పై ఏళ్లు చలామణీ అయింది. భర్త ప్రేమయ్య మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ. ఒళ్లునొప్పులని మొదలుపెట్టాడు, నొప్పుల్లేని రోజుల్లోనూ మానలేదు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. తాగొచ్చి గోడకానుకొని ఊరికే నవ్వుతూ కూర్చునేవాడు. ఆ నవ్వు చూస్తే కృపమణికి ఒళ్లు మండిపోయేది. అలాంటివాడు పోయిన ఏడాది ఈస్టరునాడు చర్చిలో లేచి నిలబడి, ఇక ముట్టనని సాక్ష్యం చెప్పాడు. సంఘపెద్ద గాబ్రియేలు లేచి ఆయన భుజం మీద చెయ్యేసి, ఈ మనిషికి పూచీ నాది అన్నాడు. ఏడాది దాటిపోయింది. కృపమణి సంతోషపడింది, దేవునికి స్తోత్రం చెప్పుకుంది. కానీ ఆయన చొక్కా ఉతికేముందు మెడ దగ్గర ముక్కు పెట్టి చూడటం మాత్రం మానలేకపోయింది.

ఈ మే నెలలో చర్చి సంఘంవాళ్లంతా పిల్లాజెల్లాతో పార్కుకు వస్తామన్నారు. తాగుబోతుల మధ్యకు ఆడపిల్లలను ఎట్లా తీసుకపోతామని ఇన్నాళ్లూ వెనకాడినవాళ్లు, కృపమణి గేటు మీద నమ్మకంతోనే ఇప్పుడు కదిలారు. ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆరోజు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, టోపీని సాధ్యమైనంత నిటారుగా పెట్టుకుని నిలబడింది. రెండు ట్రాక్టర్లు వచ్చాయి. పాటలు పాడుకుంటూ దిగారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చుట్టాలింట్లో మర్యాద జరుగుతున్నట్టు నవ్వుతూ సీసాలెత్తి తాగి, కృపమణి బుగ్గ గిల్లి లోపలికి పోతున్నారు.

అప్పుడు చూసింది. వరుస చివర, ట్రాక్టరు చక్రానికి ఆనుకుని ప్రేమయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో గోధుమరంగు సీసా. మూతి పెట్టి తాగుతున్నాడు. గుక్క నోట్లో నిలిపి, మెల్లగా దించుకుని, మళ్లీ మూతి పెట్టాడు.

కృపమణి ఇంకోసారి చూసింది. నాలుగేళ్లలో వేలమందిని చూసిన కన్ను అది, పొరబడదు. వదిలేస్తే రేపటినుంచి ఈ గేటుకు మాట ఉండదు, మొగుడికొక రూలా అని ఓబుళేశు లాంటివాళ్లు వరుసగా అడుగుతారు. ఎత్తమంటే, అది మందే అయితే, సంఘమంతా చూస్తుండగా ఆయన చెప్పిన సాక్ష్యం మట్టిలో కలిసిపోతుంది. ఆ తర్వాత మనిషి మళ్లీ లేవడు. ఆ సంగతి ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. చేతులు సంచులు చూస్తూనే ఉన్నాయి. వరుస తరిగిపోతూనే ఉంది.

ప్రేమయ్య వంతు వచ్చింది. వెనక బయటివాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. సీసాలో ఏముందని అడిగింది. నన్నారి షర్బత్తు అన్నాడాయన. నన్నారి అని చెప్పి ఆ గేటు దగ్గర ఎంతమంది దొరికిపోయారో ఆమెకు లెక్కలేదు. ఆమె మొహం చూసిన గాబ్రియేలు కల్పించుకుని, మనవాడే కదమ్మా పోనియ్యి అన్నాడు. ఆయన మంచికే అన్నాడు గానీ, ఆ మాటతో అందరి కళ్లూ సీసా మీద పడ్డాయి.

"వద్దు పెద్దాయనా," అన్నాడు ప్రేమయ్య. "అందరికీ ఉండే రూలే నాకూ."

తల వెనక్కి వాల్చి సీసా ఎత్తాడు. ధార ముందు గడ్డం మీద పడింది, తర్వాత ముక్కు మీద, ఆ తర్వాత గొంతులోకి పోయి అడ్డం తిరిగింది. పొలమారింది. వంగిపోయి దగ్గుతున్నాడు, కళ్ల నీళ్లు కారుతున్నాయి. వరుసలో వెనక ఎవడో నవ్వి, టోకెను ఎవరి చేతికిస్తావమ్మా అన్నాడు. సంఘంవాళ్లు ఎవరూ నవ్వలేదు. గాబ్రియేలు నేలచూపులు చూస్తున్నాడు.

కృపమణి చెయ్యి దానంతటదే ఆయన నెత్తి మీదికి పోయి తట్టింది. ఆయన మాట్లాడలేక, కాదు కాదు అన్నట్టు తల ఊపుతున్నాడు. ఆమె ఆయన చేతిలోంచి సీసా లాక్కుంది. పుట్టి బుద్ధెరిగాక మందు చుక్క నాలుకకు తగలని మనిషి, మందు అన్న మాటను కూడా చర్చి గడపలో అననిచ్చేది కాదు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, తల వాల్చి, సీసా పైకెత్తి పోసుకుంది. ఆపలేదు. అందరూ చూస్తుండగా చివరి చుక్కదాకా గటగటా తాగేసి, ఖాళీ సీసా తలకిందులు చేసి చూపించింది.

"నన్నారే," అంది. మళ్లీ పార్కు అవతలి గోడకు వినపడేలా అంది. "నన్నారి షర్బత్తే. నిమ్మకాయ ఇంగొంచెం పిండాల్సింది."

గాబ్రియేలు గట్టిగా హల్లెలూయా అన్నాడు. సంఘం మొత్తం నవ్వుతూ ఆ మాటందుకుంది. వెనక నవ్వినవాడు కూడా ఏమీ అర్థం కాకుండానే చప్పట్లు కొట్టాడు. జయకుమార్ ఏమైందోనని ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

దగ్గు తగ్గాక ప్రేమయ్య తువ్వాలతో మొహం తుడుచుకుని చెప్పాడు. "ముప్పై ఏండ్లు మూతి పెట్టే తాగినా. మందు ఇడిసిపెట్టినా గానీ నోటికి ఆ అలవాటు పోలా. నీళ్లు ఎత్తినా ఇంతే, పొలమారతాది. ఇంట్లో గ్లాసుతో తాగుతాండా గదా, నీకు తెల్దు."

కృపమణికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తను కనిపెట్టిన రూలు తాగేవాడినీ, తాగి మానినవాడినీ ఒకే గాటన కడుతోందని ఇన్నాళ్లలో ఒక్కసారీ ఆమెకు తట్టలేదు. అక్కడికక్కడే కూజా తెప్పించి, మొగుడి గడ్డం పట్టి పైకి లేపి, గుటక వేయొద్దు, గొంతు తెరిచి పెట్టు అంటూ నేర్పించింది. మొదటిసారి చొక్కా తడిసింది. రెండోసారి ఆమె చొక్కా తడిసింది. మూడోసారి నీళ్లు నేరుగా దిగాయి. వరుసలోవాళ్లు ఈలలు వేశారు.

సంఘంవాళ్లు లోపలికి కదిలాక ప్రేమయ్య మాత్రం గేటు దగ్గరే ఆగాడు. ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"నమ్మే తాగినావా మే?"

అవునని చెప్పొచ్చు. ఎవరికీ నష్టం లేదు. కృపమణి చెప్పలేకపోయింది.

"లే. నమ్మకం సాలకనే తాగినా. మందే అయితే, సగం సిగ్గు నాది గావాలనుకున్నా."

ప్రేమయ్య తల వంచుకున్నాడు. పెదవులు అదిరాయి. ఏడుస్తాడేమో అనుకుందామె. తువ్వాల భుజాన వేసుకుని, ఖాళీ సీసా చేతిలోకి తీసుకుని ఎండకు అడ్డం పెట్టి చూశాడు.

"సగమని చెప్పి అంతా నువ్వే తాగేస్తివి గదే," అన్నాడు.

ఆ మాటకు కృపమణికి నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని వంగిపోయి, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వింది. ఆయనా నవ్వాడు. వరుసలో మిగిలినవాళ్లు ఇక ఆగలేక వాళ్లిద్దరి పక్కనుంచి లోపలికి నడిచారు. ఆ కాసేపట్లో ఎవరు ఏ సీసాతో పోయారో ఎవరూ చూడలేదు.