అంబలి పోసిన తొట్టి

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా గల్లీ మొదట్లో ఒక పెద్ద రాతి తొట్టి ఉండేది. ఒక పక్కకు ఒరిగి, సగం మట్టిలో కూరుకుపోయి ఉండేది. దారిన పోయే పశువులు అందులో నీళ్లు తాగేవి. పిల్లలం దాని అంచు మీద కూర్చుని చింతగింజలు ఆడుకునేవాళ్లం. అది ఎప్పటిదో, ఎవరు పెట్టించారో మాకు తెలియదు. తెలుసుకోవాలని తోచలేదు కూడా.

అవి నిజాం రోజులు. బడిలో మాకు పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ఎక్కడెక్కడి రాజుల పేర్లో, వాళ్ల కోటల పేర్లో గొంతెత్తి వల్లె వేసేవాళ్లం. ఆ పాఠాల్లో సిద్దిపేట పేరు ఒక్కసారి కూడా రాలేదు. చెప్పుకోదగ్గవన్నీ ఎక్కడో దూరాన జరుగుతాయని, మా ఊళ్లో పొద్దు పొడవడం, పొద్దు గూకడం తప్ప ఏమీ జరగదని అనుకునేదాన్ని.

ఒక ఎండాకాలం, గల్లీ మొదట్లో ఉండే కిరాణా సావుకారి కొత్త ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. కొట్టుకు వెళ్తే పిల్లల చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. పునాదికి రాయి తక్కువైంది, ఆ తొట్టి ఎలాగూ గోడకు అడ్డంగా ఉంది. పగలగొట్టించి వాడుకుందామనుకున్నాడు. మర్నాడు పొద్దున రాళ్లు కొట్టేవాళ్లు వస్తారని గల్లీ అంతటికీ తెలిసిపోయింది.

మా బాపు, ఇంకో ఇద్దరు వెళ్లి వద్దని చెప్పి చూశారు. "పెద్దలనాటి నుంచి ఉన్నది గదా" అన్నారు.

"ఉన్నది సరే, ఉండి ఏం చేస్తున్నది? బర్లకు వేరే తొట్టి నేనే కట్టిస్త" అన్నాడాయన.

వీళ్లు తిరిగి వచ్చేశారు. ఆ తొట్టి సంగతి వీళ్లకు మాత్రం ఏం తెలుసు?

తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా బాపమ్మ, అంటే మా నాన్నమ్మ, చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ అంతా విన్నది. బాపు ఇంటికొచ్చి విసుక్కుంటున్నంతసేపూ ఏరుతూనే ఉంది. ఆయన లోపలికి వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచింది.

"సావుకారి తల్లి ఉన్నది గదా, ముసలామె. గామె కాడికి పో. కరువుల గా తొట్టి కాడ ఏమైందో చెప్పుమని అడుగు."

"నీకు ఎరుకలేదా బాపమ్మా?"

"ఎరుకనే."

"మరి నువ్వే చెప్పరాదు?"

"నేను చెప్తే ఏముంటది? గది ఆమె ముచ్చట. కొడుకు బువ్వ తినేటాళ్లకు పో. గప్పుడు ఇంట్లనే ఉంటడు."

నేను వెళ్లేసరికి ముసలామె వసారాలో గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకు చూపు సరిగా ఆనేది కాదు. లోపల కొడుకు పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. బాపమ్మ చెప్పినట్టే అడిగాను. ఆమె నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. "ఎవలు పంపిన్రే నిన్ను?" అంది.

"మా బాపమ్మ."

ఆమె ముఖంలో ఏదో మారింది. చెయ్యి చాచి నన్ను తడిమి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆమె పుట్టింటివాళ్లది దుబ్బాక దిక్కు పల్లె. వానలు పడక బావులు అడుగంటితే, వాళ్ల అమ్మ, ఈమె మాటల్లో అవ్వ, ఈమెనూ తమ్ముణ్నీ తీసుకుని సిద్దిపేటకు నడిచి వచ్చిందట. అప్పటికి మా గల్లీలో పశువులు కూడా మిగలలేదు, తొట్టి ఎండిపోయి ఉంది. గల్లీలో ఆడవాళ్లు దాన్ని రుద్ది కడిగారు. ఇంటికింత పిండి తెచ్చి అంబలి కాచి, అందులో నింపి, వచ్చినవాళ్లందరికీ పోశారు.

"ఏ ఊరని అడగలె, ఏ కులమని అడగలె. మోదుగాకు దొప్పల పోసిన్రు. మీ బాపమ్మ గప్పుడే కాపురానికొచ్చిన చిన్న కోడలు. నాకు గామెనే పోసింది. మా తమ్ముడు రెండు గుక్కలు తాగి అవ్వ ఒళ్లెనే పోయిండు. నేను బతికిన."

లోపల చప్పుడు ఆగిపోయింది. సావుకారి ఎంగిలి చేత్తోనే వచ్చి గడపలో నిలబడ్డాడు.

"నాకెన్నడు చెప్పకపోతివేందే అవ్వా?"

"అడుక్కతాగిన ముచ్చట కొడుక్కెట్ల చెప్పాల్రా? నువ్వు నలుగుర్ల తిరిగేటోనివి."

ఆయన వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. అంత పెద్దమనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏం చేయాలో తోచక, మెల్లగా లేచి ఇంటికి వచ్చేశాను. ఏం జరిగిందని బాపమ్మ అడగలేదు.

పొద్దున రాళ్లు కొట్టేవాళ్లు గడ్డపారలతో వచ్చారు. తొట్టి కింద గడ్డపారలు దిగుతుంటే ఇక అయిపోయిందనుకున్నాను. కానీ వాళ్లు దాన్ని పగలగొట్టలేదు. మట్టిలోంచి పైకి లేపి, ఒరిగిన పక్క సరిచేసి నిలబెట్టారు. గోడను సావుకారి తన జాగలోకే వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె అంచు వెంట చేత్తో తడుముతూ చుట్టూ తిరిగింది.

"గింత చిన్నగున్నదేందిరా! గప్పుడు నాకు చెరువోలె కనవడ్డది" అని నవ్వింది.

ఆ తర్వాత సాయంత్రాలు ఆమె అక్కడే కూర్చునేది. అడిగినవాళ్లకు దాచకుండా చెప్పేది. ఆమె చెప్పడం చూసి మిగతావాళ్లకూ నోరు వచ్చింది. ఎదురింటి సాయబు తాత, కట్టెలు తమ ఇంటి నుంచే వచ్చాయని చెప్పాడు. ఒకావిడ అది జొన్న అంబలి అంటే, ఇంకొకావిడ కాదు, సజ్జ అనేది. ఏది నిజమని మేం బాపమ్మను అడిగాం.

"రెండు చెప్పుకోండ్రి. ఎవలింటి పిండి వాళ్లకు యాదికుంటది" అంది.

పెద్దయ్యాక బాపమ్మ చేసిన పని గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆ కథ తనే చెప్పి ఉంటే తొట్టి నిలిచేదేమో, కానీ సావుకారి నలుగురిలో తల దించుకునేవాడు, ఆ తల్లి గుండెలో సిగ్గు అలాగే మిగిలిపోయేది. ఊరి కథ ఎవరి మీదుగా నడిచిందో వాళ్ల నోటి నుంచే రావాలి. అందుకు అడిగేవాళ్లు ఒకరుండాలి.

ఇప్పుడు నేను ఏ ఊరు వెళ్లినా, దిగిన ఇంట్లో వయసుమళ్లిన మనిషి ఎక్కడ కూర్చున్నారో చూసుకుని పక్కన చేరతాను. మీ చిన్నప్పుడు ఇక్కడ ఏముండేదని అడిగి ఊరుకుంటాను. కొందరు గలగలా చెప్పేస్తారు. "చెప్పేందుకు ఏమున్నది బిడ్డా" అన్నవాళ్ల దగ్గర మాత్రం ఇంకాసేపు కూర్చుంటాను.