జడ రబ్బరుతో కట్టిన బ్రేకర్

పొద్దున పళ్లు తోముకుంటుంటే బ్రష్ చేతిలోంచి జారిపోయింది. తీద్దామంటే కుడిచేతి చూపుడు వేలు వంగలేదు. ముందురోజు దానిమీద శనగగింజంత నల్లమచ్చ మాత్రమే ఉంది. ఎడమ మోచేతి దగ్గర అలాంటిదే ఇంకొకటి. ఆ సాయంత్రమే మా వీధి క్లినిక్‌లో డాక్టర్ గారు "ఎలా కాలింది?" అని అడిగితే "ఇస్త్రీ పెట్టె" అన్నాను. ఆయన ఆయింట్‌మెంట్ రాసి పంపేశారు. ఇంటికొచ్చి డైరీలో కూడా ఇస్త్రీ పెట్టె అనే రాసుకున్నాను.

నిజానికి అది కరెంటు.

అనకాపల్లి శివార్లలో అట్టపెట్టెల యూనిట్‌లో నేను మెయింటెనెన్స్ ట్రైనీని. ఆ ముందురోజు మధ్యాహ్నం ఒక మోటారు దగ్గర వైరు వదులైంది. దాన్ని బిగించేముందు ప్యానెల్‌లో బ్రేకర్ ఆఫ్ చేసి, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా దాని పిడికి క్లాంపు తొడిగి తాళం వేయాలి. దాన్ని లాకౌట్ అంటారు. మా దగ్గర అన్ని బ్రేకర్లకూ ఒకే రకం క్లాంపు. ఈ బ్రేకర్ పిడి సన్నం, క్లాంపు నోరు వెడల్పు. ఎంత బిగించినా జారుతోంది. ఇంకో రకం ఉందేమో అడుగుదామని స్టోర్‌కి వెళ్లాను. లోపల మగవాళ్లందరూ క్యారేజీలు విప్పుకుని భోంచేస్తున్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. నా జడ రబ్బరు తీసి క్లాంపునీ పిడినీ కలిపి చుట్టి, తాళం వేశాను. టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకునే వైరు పట్టుకున్నాను.

తాళం బరువుకి క్లాంపు జారి ప్యానెల్ అడుగున పడింది. రబ్బరు మాత్రం పిడికే ఉండిపోయింది. ఆపరేటర్ అప్పల్రాజు బాబాయ్ వచ్చి బ్రేకర్ ఆన్ చేశాడు. నేను వెనక్కి విరుచుకుపడ్డాను.

"జడరబ్బరు సూసి ఎవులో ఆడపిల్ల మర్సిపోయిందనుకున్నానమ్మా," అంటూ అతను పరుగున వచ్చి నన్ను లేపాడు.

వెనకనుంచి ఎవరో నవ్వారు. "జడరబ్బరు లాకౌటేటి బావా!"

నాకేం కాలేదని చెప్పి, చున్నీలో చెయ్యి దాచుకుని వచ్చేశాను.

బ్రష్ జారిన ఆ పొద్దున మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. అదీ ఎవరికీ చెప్పలేదు. అమ్మ నాకు జడ వేస్తూ, "రబ్బరేదే? ఎక్కడ పారేసేవు?" అంది. అంతే, ఏడుపు ఆగలేదు. అన్నీ చెప్పేశాను.

"సిగ్గుపడి సచ్చిపోతావేటే? నడు!" అంది అమ్మ. సగం వేసిన జడతోనే విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లాం.

నేను అలవాటుగా మళ్లీ ఇస్త్రీ పెట్టె అనే అన్నాను. క్యాజువాలిటీ డాక్టర్ గారు మోచేయి తిప్పి చూశారు. "ఇక్కడ కూడా ఇస్త్రీ చేసుకున్నావా?" అని అడిగి, తర్వాత మెల్లగా చెప్పారు. "ఎలక్ట్రికల్ బర్న్ అమ్మా. కరెంటు ఒకచోట లోపలికెళ్లి ఇంకోచోట బయటికొచ్చింది. పైకి కనిపించేది కొంచెమే. మధ్యలో కండరం దెబ్బతింటే ఆ చెత్తంతా కిడ్నీల మీద పడుతుంది. నిన్ననే రావాలి కదా."

ఈసీజీ తీశారు. రక్తంలో కండరం దెబ్బని చూపే సీపీకే బాగా ఎక్కువగా ఉందన్నారు, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ కూడా పెరుగుతోందన్నారు. సెలైన్ ఎక్కిస్తూ మూత్రానికి కేథటర్ గొట్టం వేసి సంచీ తగిలించారు. నర్సు వచ్చినప్పుడల్లా సంచీ ఎత్తి చూసి, వార్డంతా వినేలా "ఇంకా నల్లగానే ఉంది సార్" అనేది. దుప్పటి ముఖం మీదికి లాక్కునేదాన్ని. స్టోర్ గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడగడానికి సిగ్గుపడినందుకు, ఇప్పుడు నా మూత్రం రంగు అందరికీ తెలుస్తోంది.

కిడ్నీలు తేరుకున్నాయి. వేలికి డెబ్రైడ్‌మెంట్ చేసి, అంటే చచ్చిన కండ తీసేసి, తొడ చర్మంతో గ్రాఫ్ట్ వేశారు. ఇక ఇంటికే అనుకుంటుండగా గ్రాఫ్ట్ అంచు చీము పట్టింది. మళ్లీ చేశారు. "వేలు నిలబడింది. వంపు మాత్రం పూర్తిగా రాదు," అన్నారు డాక్టర్ గారు. ఇంట్లో స్పాంజి బంతి నొక్కడం నేర్చుకున్నాను. అన్నం మాత్రం చాన్నాళ్లు అమ్మే కలిపి పెట్టింది.

మళ్లీ పనిలో చేరాక సూపర్‌వైజర్ గారు కొత్త లాకౌట్లు నన్నే ఎంపిక చేయమన్నారు. రకానికొకటి తెప్పించి ప్రతి బ్రేకర్ మీదా తొడిగి చూశాను. చిన్న బ్రేకర్లకు పిడి పక్క రంధ్రాల్లో పిన్నులతో పట్టేవి సరిపోయాయి. వెడల్పు పిడులకు పాత క్లాంపులే చాలు, సన్నవాటికి చిన్న నోరున్నవి కావాలి. ఒక పాత బ్రేకర్‌కి ఏదీ పట్టలేదు, దాన్నే మార్చమన్నాను. వంగని ఈ వేలితో బిగించగలిగితే ఎవరైనా బిగించగలరు.

ఇది చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. లాకౌట్ కొనేముందు శాంపిల్‌ని మీ బ్రేకర్ మీదే బిగించి, తాళం వేసి, గట్టిగా లాగి చూడండి. ఊడొస్తే అది మీది కాదు.

మొన్న పనిలో చిన్న క్లాంపు కావలసి వచ్చింది. స్టోర్‌లో మళ్లీ అందరూ భోజనాల మీద ఉన్నారు. నన్ను చూసి అప్పల్రాజు బాబాయ్, "ఏటమ్మా, రబ్బరు కావాలేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

"కాదు బాబాయ్, చిన్న క్లాంపు," అన్నాను.

అతను చెయ్యి కడుక్కుని వచ్చి ఇచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.