కుర్చీ అడగబోయిన సిపాయి

బుచ్చన్న మోకాలు విరగ్గొట్టింది శత్రువు కాదు, సొంత పటాలపు కంచరగాడిద. కొండమీద బియ్యం మూటలు దించుతూ దాని వెనక్కి పోయి నిలబడ్డాడు. గాడిద వెనక నిలబడకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. ఏళ్ళ తరబడి డ్రిల్లు చేసిన సిపాయికి తెలియలేదు. ఈ సంగతి అతనే నవ్వుతూ చెప్పుకుంటాడు. వినేవాళ్ళకే రుచించదు, వాళ్ళకు తూటా కావాలి.

ఇప్పుడతను దోహాలో ఒక ఆఫీసు వెనక గేటు కాపలాదారు. డ్యూటీ అంతా నిలబడే. మోకాలేమో మొరాయిస్తోంది. లోపల కెమెరాల గదిలో కూర్చునే పని దొరికితే ఇంకొన్నాళ్ళు లాగుతాడు, లేకపోతే కంపెనీ ఇంటికి పంపేస్తుంది. కంపెనీ మేనేజరు అక్కడి తెలుగు సంఘం అధ్యక్షురాలు ప్రమీలకు బాగా తెలిసినవాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు. కష్టాలు చెప్పుకునేవాళ్ళను ఆమె శుక్రవారం సభకు రమ్మంటుంది.

అల్ వుకైర్ కార్మికుల క్యాంపులో బుచ్చన్న గదిలోనే ఉండే డ్రైవరు ఇక్రాముద్దీన్ అతనికి కుంటడంలో తాలీం ఇవ్వడం మొదలుపెట్టాడు.

"గట్లనా కాకా కుంటేది? జర దర్ద్ సే కుంటు. చూసేటోళ్ళకు ఏడుపు రావాలె."

"నిజంగనే కుంటుతున్న గదరా."

"నిజం కుంటుడు ఎవ్వడు చూడడు. ఇంకోటి, గాడిద ముచ్చట తియ్యకు. గోలీ తాకిందను."

"గోలీకైతే పతకం వస్తుండె. గాడిద తంతే దవాఖాన్ల డాక్టర్ నవ్విండు, గంతే."

శుక్రవారం ఇక్రాముద్దీన్‌ను తోడు తీసుకుని, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని సంఘం హాలుకు చేతికర్రతో, శ్రద్ధగా కుంటుతూ వెళ్ళాడు. ప్రమీల ముందు నిలబడి, మాజీ సిపాయినని చెప్పి, అసలు సంగతికి నోరు తెరవబోయాడో లేదో, సభారంభపు జనగణమన మొదలైంది.

బుర్ర వద్దంటూనే ఉంది, ఒళ్ళు వింటేగా. కర్ర కిందపడింది. మడమలు టక్కున కలిశాయి. మోకాలు కడ్డీలా నిలిచింది. ఆ హాల్లో స్తంభాలు కూడా అంత నిటారుగా లేవు.

గీతం అయిపోయినా బుచ్చన్న కదల్లేదు. కదలడానికి లేదు, మోకాలు పట్టేసింది.

"చూశారా, ఇంకా అటెన్షన్‌లోనే ఉన్నారు," అంది ప్రమీల, కళ్ళు ఒత్తుకుంటూ.

శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. ఎన్నాళ్ళుగానో కలలు కంటున్న కుర్చీని తెచ్చి అతని పక్కనే వేశారు. కాలు వంగలేదు.

"మేడం, నాకు కుర్చీ..."

"వద్దంటారు, తెలుసండీ. సైనికులు అంతే."

ఇక్రాముద్దీన్ అతన్ని దూలంలా మోసుకెళ్ళి కారులో పడేశాడు. "కుంటుమంటే ఖంబా లెక్క బిగుసుకపోయినవేంది కాకా?"

"కుంటుడు నువ్వు నేర్పింది మొన్న. నిలవడుడు సర్కార్ నేర్పింది."

ప్రమీల తన మాట సాయం తాను చేసింది: ఫొటో మేనేజరుకు పంపింది. అంత ఠీవిగా నిలబడే మనిషిని వెనక గేటులో వృథా చేస్తున్నామని మేనేజరు నొచ్చుకున్నాడు. వెంటనే బుచ్చన్నను ముందు గేటుకు మార్చాడు, పెద్దవాళ్ళు కార్లు దిగేచోటికి. అక్కడా నిలబడే.

బుచ్చన్న శాలువాను మడిచి మోకాలికి బిగించి, దానిమీద ప్యాంటు లాక్కుని డ్యూటీకి వచ్చాడు. సూపర్‌వైజరు మొహసిన్ అనుమానంగా చూశాడు.

"ఏంది బుచ్చన్నా, కాలు వాచిందా?"

"లేదు సార్. సన్మానమైంది."