మొగిలమ్మ ఇంటి బేరం

వీరభద్రం వరంగల్‌లో ఇళ్లు, జాగాల దలాలి. అమ్మేవాళ్ల దగ్గర ఒక ధరకు మాట తీసుకుని, కొనేవాళ్లకు అంతకు కొంచెం మీద అప్పగించి, ఆ మిగిలినదానితో ఇల్లు నడిపేవాడు. కొంటానన్నవాళ్లు మధ్యలో జారుకోవడం ఆ పనిలో మామూలే. అలాంటప్పుడు అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలియనివ్వకుండా ఇంకొకరిని వెతికేవాడు. తెలిస్తే బేరం మరో దలాలి చేతికి పోతుందని భయం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు, కొత్తవాడలో జంపఖానాలు నేసే మొగిలమ్మ ఇల్లు అమ్మకానికి పెట్టింది. భర్త లేడు. ఒక్కగానొక్క కూతురు సరోజన షోలాపురంలో నెలలు నిండి ఉంది. కానుపు వేళకు అక్కడికి చేరి, ఇక కూతురి దగ్గరే ఉండిపోవాలని ఆమె ఆశ. బట్టల వ్యాపారి బాలకిషన్ కొంటానన్నాడు. ఆ మాట మీద మొగిలమ్మ మగ్గం కూడా అమ్మేసింది.

అంతలోనే బాలకిషన్ వీరభద్రాన్ని దుకాణానికి పిలిపించాడు.

"అన్నా, ఆ ఇల్లు నాకొద్దు. మావోళ్లు ఒప్పుకుంటలేరు."

ఎంత బతిమాలినా వినలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వీరభద్రం కొత్తవాడ పోయాడు. మొగిలమ్మ మూట కట్టుకుంటోంది.

"తమ్మీ, నేను ముందుగాల బిడ్డ కాడికి పోతాన. దస్తఖతుకు మళ్ల వస్త."

ఆమె వెళ్తే కొత్తవాళ్లకు ఇల్లు తెరిచి చూపేదెవరు? అక్కడే ఉండిపోతే? ఆయన నోట వేరే మాట వచ్చింది.

"వద్దక్కా, ఏడికీ పోకు. రేపో మాపో రిజిస్ట్రీ అయితది. జర ఓపిక పట్టు."

మొగిలమ్మ మూట విప్పింది. ఆయన కనబడ్డప్పుడల్లా "ఇయ్యాలనా తమ్మీ?" అని అడిగేది. ఆయన ఎవరెవరినో బాలకిషన్ మనుషులని చెప్పి తెచ్చి ఇల్లు చూపించేవాడు.

చివరికి నూనె వ్యాపారి వెంకటరాజం ఖాయం చేసుకున్నాడు. వీరభద్రం సంబరంగా పోయేసరికి మొగిలమ్మ గడప మీద కూర్చుని ఉంది. షోలాపురం నుంచి అల్లుడి తమ్ముడు వచ్చి వెళ్లాడట. సరోజనకు కానుపు కష్టమైంది. నొప్పులు పడ్డంతసేపూ తల్లిని పిలిచింది. పిల్లా, తల్లీ బతికి బయటపడ్డారు గానీ, అవసరానికి రాని అమ్మ ఇక రానక్కర్లేదని కబురు పెట్టింది.

"గిప్పుడు ఇల్లమ్మి ఏడికి పోవాలె తమ్మీ?" అంది మొగిలమ్మ. "బాలకిషన్ వద్దన్నడని బజార్ల అందరికీ ఎరుకేనట. నాకొక్కదానికి చెప్తే రైలెక్కుదునే గదా" అంది.

తిట్టి ఉంటే బాగుండుననిపించింది వీరభద్రానికి. వెంకటరాజానికి తానే పోయి ఇల్లు అమ్మడం లేదని చెప్పాడు. మగ్గం తిరిగి ఇప్పిద్దామని చూశాడు; కొన్నవాళ్లు ఇవ్వలేదు. మొగిలమ్మ పొరుగువాళ్ల మగ్గాలకు నూలు కండెలు చుడుతూ బతికింది.

ఆ తర్వాత కొనేవాడు తప్పుకుంటే, వీరభద్రం ఆ పొద్దే అమ్మేవాళ్ల ఇంటికి పోయి చెప్పేవాడు. అలా ఎన్నో బేరాలు పోయాయి. తోటి దలాలీలు నవ్వేవారు. ఆయన పట్టించుకోలేదు. మొగిలమ్మ మనుమరాలిని ఎప్పటికైనా చూసిందో లేదో అడగడానికి మాత్రం ఆయనకు నోరు రాలేదు.