వెదురు మేకు నిలవదన్న మాట

మేం పదకొండు మందిమి. ఎనభైలలో, ఏటా ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం, ఖమ్మంలో ఒక బడి గదిలో ఎవరు చేసిన గోలీ బోర్డు వాళ్లు పట్టుకొచ్చి కలిసేవాళ్లం. మాలో ఒకాయన హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కు పోయి, అద్దం మూత, రంగు దీపాలు ఉన్న పిన్‌బాల్ మెషిన్ ఆడి వచ్చాడు. అట్లాంటిది ఇంట్లో చేసుకోలేమా అని అతనే మొదలుపెట్టాడు. కరెంటు లేకపోయినా పనికొస్తుందనుకున్నాం. ఏటవాలుగా ఒక చెక్క, దాని నిండా తల లేని మేకులు, పక్కన స్ప్రింగుతో లాగి వదిలే పుల్ల, దొర్లడానికి బేరింగ్ గోలీ, కింద అంకెలు వేసిన గూళ్లు. పెళ్లాం పిల్లలున్న మగవాళ్లం, సెలవు రోజులన్నీ దీనికే తగలేసేవాళ్లం.

నేను వైరాలో కాలువల ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అయిదేళ్లు వరసగా జనం ఎక్కువసేపు నిలబడింది నా బోర్డు ముందే. ఇది గొప్పకు చెప్పడం లేదు. తరవాత నేను చేసిన పనికి ఇదే కారణం.

ఒకసారి ఇంట్లోవాళ్లతో పర్ణశాల వెళ్లాను. గుడి చూసి తిరిగి వస్తుంటే, దుకాణాలు దాటాక ఒక పందిరి కింద తలుపులు చేసే మనిషి కనిపించాడు. అడవి అంచున ఉన్న గూడెం అతనిది. సగం చెక్కిన ద్వారబంధం పక్కన పెట్టి గోలీ బోర్డు ఆడుకుంటున్నాడు. ఏదో జాతరలో చూసి సొంతంగా చేసుకున్నాడట. ఆ బోర్డులో ఇనుము అన్నదే లేదు. లాగే పుల్ల వెదురు బద్ద. మేకులన్నీ వెదురువే. పొయ్యి మీది అటకలో ఏడాది పాటు పొగ పట్టిన వెదురును సన్నగా చెక్కి, చిన్న రంధ్రాలలో దిగగొట్టాడు. తలుపుల అతుకులకు కూడా అవే మేకులు వాడేవాడు.

"ఇనుప మేకులు కొట్టలేదేందన్నా?" అని అడిగాను.

"ఇనుముకు తాకితే గోలీ ఎగిరి దుంకుతది సారూ. వెదురుకు తాకితే జర ఆగి ఆలోచిస్తది," అన్నాడు.

మా కలయికకు రమ్మని అక్కడే పిలిచాను. మంచి మనసుతో పిలిచానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి అతన్ని నేను కనిపెట్టానని నలుగురూ అనుకోవాలని పిలిచాను.

ముందురోజు సాయంత్రం వైరాలో మా ఇంటికి వచ్చాడు. మేకులు అదురుతాయని భద్రాచలం నుంచి బస్సులో బోర్డును సీట్లో కూర్చోబెట్టి, తను నిలబడి వచ్చాడు. మా ఆవిడ నవ్వింది. "కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చినవ్ గదన్నా!"

"పెళ్లికూతురైతే నిలవడి వస్తుండె చెల్లె. దీనికి కాళ్లు లెవ్వు."

మర్నాడు బడి గదిలో పది గంటలకల్లా అందరూ అతని బల్ల చుట్టూ చేరారు. నేను నా స్ప్రింగుకు నూనె పెట్టాను. మళ్లీ పెట్టాను. చెక్క తుడిచాను. కిటికీ దాకా వెళ్లి వచ్చాను. కూర్చోలేకపోయాను. అటు చూడకూడదనుకుంటూనే ప్రతి గోలీ చప్పుడూ విన్నాను.

"ఏందన్నా, నీ బోర్డు కాడ ఈగలు గూడ లెవ్వు!" అన్నాడు మాలో కుర్రతనం పోనివాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాకు ఒక్కటే కట్టుబాటు ఉండేది. ఒకరి బోర్డు మేకు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఆడవచ్చు, మెచ్చుకోవచ్చు, తిట్టవచ్చు, మేకు మాత్రం ముట్టరాదు. భోజనాలయ్యాక అసలు పరీక్ష. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు పుల్లను ఒకే గీత దాకా పదిసార్లు లాగి వదిలేవాడు. గోలీ ఎన్నిసార్లు ఒకే గూట్లో పడితే బోర్డు అంత మంచిది. నా బోర్డు ఎప్పుడూ ఆరు దాటలేదు. అతనిది పొద్దున ఊరికే ఆడినప్పుడే ఎనిమిది వచ్చింది.

అందరూ వరండాలో విస్తళ్ల ముందు కూర్చున్నారు. కళ్లజోడు మరిచానని చెప్పి నేను గదిలోకి వెళ్లాను. అతని బోర్డులో గోలీ మొదట తాకే మేకు, పైన ఎడమ వైపుది. దాన్ని బొటనవేలితో మూడుసార్లు అటూ ఇటూ తోశాను. చాలా గట్టిగా ఉంది. మూడోసారికి కొంచెం కదిలింది. వచ్చి పులిహోర తిన్నాను.

మాస్టారు పదిసార్లు లాగాడు. మూడే పడ్డాయి.

"చూడ ముచ్చటగ ఉంది గని, వెదురు నిలవదయ్యా," అన్నాడాయన మెల్లగా.

"పొద్దుగాల మంచిగనే ఉండె సారూ," అంటూ అతను వంగి మేకుల మీద వేళ్లు పోనిచ్చాడు.

అప్పుడు నేనన్నాను. "బస్సుల అదిరి ఉంటదన్నా."

బోర్డు ఎట్లా వచ్చిందో ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. అతను నా వైపు చూశాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఉండవలసినవాడు, ఉండనన్నాడు. ఖమ్మం బస్టాండులో బోర్డును బస్సు టాపు మీదికి విసిరేసి ఎక్కాడు.

మళ్లీ ఏడాది నేను ఉత్తరం రాసినా రాలేదు. వెదురు నిలవదన్న మాట మాలో స్థిరపడిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట నేను కూడా చెప్పాను. కొన్నాళ్లకు బజారులో వీడియో గేములు వచ్చాయి, మా కలయిక ఆగిపోయింది. నేను మాత్రం ఎక్కడ వెదురు కనిపించినా ముఖం తిప్పుకునేవాణ్ణి. మా వైపు వెదురు కనిపించని చోటు ఏది?

తొంభైలలో ఆఫీసు పని మీద భద్రాచలం పోయాను. పని ఒంటిగంటకే అయిపోయింది. తిరుగు బస్సు ఎక్కి, దిగి, పర్ణశాల బస్సు ఎక్కాను. అతను అదే పందిరి కింద ఉన్నాడు. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"ఏ మేకు?" అన్నాడు.

"పైన ఎడమ దిక్కుది."

చేతిలో ఉలి కింద పెట్టాడు. "ఇంటికొచ్చి అన్ని మేకులు పీకి చూసిన సారూ. పొగ తక్కువైందా, వాన తగిలిందా అని. తప్పు దొరకలె. అప్పటిసంది తలుపులకు గూడ ఇనుప మేకులే కొడుతున్న. నా పని మీద నాకే నమ్మకం పాయె."

పందిరికి ఆనించిన తలుపు వైపు చూశాను. అతుకు అతుకునా ఇనుప మేకు తలలు.

"తప్పయింది అన్నా."

"నాకెందుకు చెప్తున్నవ్? నా ముంగట కాదు గద నా ఇజ్జత్ పోయింది. ఆడ ఉన్నోళ్లకు చెప్పు. జల్దీ చెప్పు, ఉన్నోళ్లు ఉండంగనే."

మంచినీళ్లు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

డ్రాయింగ్ మాస్టారు అప్పటికే పోయాడు. నన్ను ఈగల మాట అన్నవాణ్ణి జూలూరుపాడులో పట్టుకొని చెప్పాను. "గిదా సంగతి? గింత చిన్నదానికి ఇన్నేండ్లా?" అని నవ్వబోయి, తలుపుల సంగతి విని ఆగిపోయాడు. ఇంకో ముగ్గురికి చెప్పాను. మిగతావాళ్లు ఏ ఊళ్లలో ఉన్నారో తెలియదు. అందుకే రాస్తున్నాను. ఆ రోజు ఆ గదిలో ఉండి ఇది చదివేవాళ్లు తెలుసుకోండి. పొగ పట్టిన ఆ వెదురు మేకు భద్రాచలం నుంచి ఖమ్మం దాకా కదలకుండా వచ్చింది. దాన్ని కదిలించింది నేను, మీరంతా పక్కనే అన్నం తింటుండగా.