చార్టుకు రెండో వైపు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, మే నెలలో ఒక శనివారం, సిద్దిపేట అవతల ఉన్న ఒక పల్లెలో కంటి క్యాంపుకు నన్ను ఇన్‌చార్జిగా వేశారు. నా పేరు నర్సింగ్. అప్పటికి నా హోదా క్యాంప్ సూపర్‌వైజర్. సికింద్రాబాద్‌లో ఒక ధర్మాసుపత్రిలో వార్డుబాయ్‌గా చేరి, స్ట్రెచర్లు తోసి, బెడ్‌షీట్లు మోసి, మెల్లగా చూపు పరీక్షించే పని నేర్చుకుని ఆ హోదాకు వచ్చాను. సూపర్‌వైజర్ అంటే పెద్దమాటలా ఉంటుంది గాని, పని ఇంతే. బస్సులో చార్టులు, టార్చిలు, చుక్కల మందులు ఎక్కించాలి. ఊళ్లో జనాన్ని లైన్లో నిలబెట్టాలి. శుక్లం ముదిరినవాళ్లను అదే బస్సులో ఆసుపత్రికి తేవాలి.

క్యాంపుకు డాక్టరమ్మ ఒక్కరే వస్తారు. ఊరందరి కళ్లలోకీ ఆమే టార్చి వేసి చూడాలంటే పొద్దుగూకినా తెమలదు. అందుకని ముందు చూపు పరీక్ష పెడతాం. ఆరు మీటర్ల దూరంలో చార్టు తగిలించి, ఒక కన్ను మూసి రెండో కంటితో చదివిస్తాం. అడుగు వరుసల దాకా చెప్పినవాళ్లు చత్వారం అద్దాల బల్ల దగ్గరికి పోతారు. పై వరుసల్లోనే ఆగిపోయినవాళ్లు డాక్టరమ్మ దగ్గరికి పోతారు. ఎవరు ఎటు పోవాలో చెప్పేది నేను. నేను అద్దాల బల్లకు పంపిన మనిషి కన్ను డాక్టరమ్మ చూడదు.

చార్టు గురించి కూడా చెప్పాలి. దానికి ఒకవైపు తెలుగు అక్షరాలుంటాయి. రెండోవైపు చదువు రానివాళ్ల కోసం మూడు కాళ్ల గుర్తులుంటాయి. ఒక గుర్తు పైకి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి కిందికి తిరిగి ఉంటుంది. కాళ్లు ఎటున్నాయో వాళ్లు వేళ్లతో చూపిస్తే చాలు. మా దగ్గర జనం దాన్ని దువ్వెన అంటారు. మేమూ 'దువ్వెన పండ్లు ఎటున్నయి?' అనే అడుగుతాం.

నాకు చదువు వచ్చింది ఆ చార్టు మొదటివైపు నుంచే. మా నాయన మోండా మార్కెట్‌లో కూరగాయల మూటలు మోసేవాడు. నన్ను బడికి పంపలేదు, నేనూ అడగలేదు. ఇరవై ఆరేళ్లు వచ్చాక, రోజూ ఆ చార్టు తుడుస్తూ తుడుస్తూ, ఈ గీతలేమిటని హెడ్ సిస్టర్‌ను అడిగాను. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. లోకమంతా 'అ'తో మొదలుపెడితే నేను చార్టులో అన్నిటికంటే పైన ఉన్న పెద్ద 'ర'తో మొదలుపెట్టాను. తర్వాత ప్రైవేటుగా ఏడో తరగతి కట్టి పాసయ్యాను. ఆ గర్వం నాకు చాలాకాలం ఉండింది. ఆ గర్వం ఎంతకు పనికొచ్చిందో ఇప్పుడు చెబుతాను.

ఆ సంవత్సరం క్యాంపుకు మా ఆసుపత్రి సిబ్బంది చాలలేదు. దగ్గర్లో ఉన్న చర్చిలో కుర్రకారు సంఘం ఒకటి ఉంది. వాళ్లు ఏటా వేసవి సెలవుల్లో ఎక్కడికో ఒకచోటికి సేవకు పోతారు. ఒక ఏడు బడికి సున్నం వేస్తారు, ఒక ఏడు చెట్లు నాటుతారు. ఈసారి మాతో వస్తామన్నారు. అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకుని, గిటారుతో సహా బస్సెక్కారు. వాళ్ల నాయకుడు శామ్యూల్ ఒక బ్యాంకులో పని చేస్తాడు. అతని తర్వాత అంతా ప్రిసిల్లా. డిగ్రీ రెండో సంవత్సరం, ఆదివారం బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయి. బస్సు కదలకముందు ప్రార్థన చేశారు. నేను పొద్దున లేవగానే ఆంజనేయుడికి దండం పెట్టుకునే మనిషిని. మా ఆసుపత్రీ క్రైస్తవులదే, వాళ్ల ప్రార్థనకు ఎప్పుడూ టోపీ తీసి నిలబడతాను. అన్నేళ్ల ఉద్యోగంలో వాళ్లు నన్ను మార్చలేదు, నేను వాళ్లను మార్చలేదు.

దారిలో నేను వాళ్లకు పని వివరించాను. వివరించాను అంటే తిట్టినట్టే చెప్పాను. “ఫొటోలు తర్వాత. ముసలోళ్లు పరీక్ష అంటే భయపడతరు. మీరు లైన్ల నిలబడి ధైర్యం చెప్పుండ్రి. నా దగ్గరికొచ్చేసరికి టక్కటక్క జవాబు చెప్పాలె. లేటైతే నాకు తక్లీఫ్.”

ప్రిసిల్లా తల ఊపింది. “ఓకే అంకుల్. మీకు తక్లీఫ్ కాకుండ మేం చూసుకుంటం.” చూసుకున్నారు కూడా.

క్యాంపు ఊరి బడిలో. సెలవులు కాబట్టి గదులు ఖాళీ. మాకు మధ్యాహ్నం వంట చేయడానికి ఆ బడిలో పిల్లలకు అన్నం వండే మల్లవ్వను పిలిచారు. అరవై దాటిన మనిషి. ఆమె కథ హెడ్మాస్టరే నాకు చెప్పాడు. రెండుసార్లు అన్నంలో రాళ్లు వచ్చాయి, ఒకసారి పప్పులో బొద్దింక వచ్చింది. పిల్లల తల్లులు గొడవ చేశారు. కళ్లు బాగున్నాయని ఆసుపత్రివాళ్లు చెబితేనే జూన్‌లో మళ్లీ పనిలో పెట్టుకుంటానని ఆయన ఆమెకు చెప్పాడట. ఒంటరి మనిషి. ఆ వంటే ఆమెకు కూడు. అంటే మాకు అది క్యాంపు, ఆమెకు అది నిజంగానే పరీక్ష.

వరండాలో దువ్వెనల వైపు బయటికి తిప్పి చార్టు తగిలించి పని షురూ చేశాను. పొద్దున లైను నడిచిన తీరు నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. ముసలమ్మలు వచ్చి స్టూలు మీద కూర్చోవడం, నేను కర్ర పెట్టి చూపించడం, వాళ్లు చెయ్యి పైకి, పక్కకి, కిందికి ఆడించడం. ఒక్కరూ తడబడలేదు. చెప్పిన ప్రతివాళ్లకూ ఆ పిల్లలు చప్పట్లు కొట్టి, చేతికి ఒక బిస్కెట్టు పొట్లం ఇచ్చారు. నాకు ఎంత ముచ్చటేసిందంటే శామ్యూల్‌ను పిలిచి, మీ పిల్లలు మా సిబ్బందికంటే నయమన్నాను. బయట వేపచెట్టు కింద గిటారు, పాట వినిపిస్తున్నాయి. భజన చేస్తున్నారులే, చేసుకోనీ అనుకున్నాను. మల్లవ్వ కూడా గరిటె పక్కన పెట్టి, కాసేపు ఆ పాట దగ్గర కూర్చుని వచ్చి, రెండు కళ్లతోనూ అడుగు వరుస దాకా చెప్పేసింది. చూపు బాగుందని చీటీ మీద రాసి సంతకం చేశాను. ఆమె చీటీ కొంగున కట్టుకుని, “పాసైన!” అని వంటింట్లోకి పోయింది.

డాక్టరమ్మ మాత్రం గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. చివరికి మనిషిని పంపి అడిగించింది, ఈ ఊళ్లో ఎవరికీ శుక్లాలు లేవా అని. గట్టి ఊరమ్మా, నీళ్లు మంచివి కావచ్చు అని చెప్పి పంపాను. చెబితే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నమ్మే అన్నాను.

మధ్యాహ్నం వరండాలో బంతి వేశారు. మల్లవ్వ పప్పుచారు వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చింది. నేను పళ్లెం ముందుకు చాపాను. ఆమె గరిటె వంచింది. చారు నా పళ్లెంలో పడలేదు, నా ప్యాంటు మీద పడింది. కాలింది కాబట్టి నేను లేచి అరిచాను.

“ఏందవ్వా, కండ్లు కనవడ్తలేవా?”

“నాకెందుకు కనవడవు? పొద్దుగాల నువ్వే గద పాస్ చేసినవ్. పళ్లెం నా దిక్కు పట్టాలె సారూ, గాలికి పట్టినవ్!”

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. ప్రిసిల్లా నవ్వలేదు. ఆ అమ్మాయి చూసింది ఏమిటంటే, మల్లవ్వ గరిటె ఒక జానెడు ఇటు వంచింది, నేను పళ్లెం ఒక జానెడు అటు చాపాను. చెయ్యి కడుక్కుంటుంటే వచ్చి మెల్లగా అడిగింది. “అంకుల్, ఏమనుకోవద్దు. మీ కండ్లు ఎప్పుడు టెస్ట్ చేయించుకున్నరు?”

ఏటా చేయించుకుంటున్నా, ఏటా అడుగు వరుస దాకా చదువుతున్నా అని చెప్పాను. అది నిజం. ఏటా ఆసుపత్రిలో సిబ్బందికి పరీక్ష ఉంటుంది. చార్టు తగిలించేదీ నేనే, ముందుగా చదివేదీ నేనే.

“ఒకసారి నేను చేస్తా. ప్లీజ్ అంకుల్.”

తిని కూర్చున్న జనమంతా చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. సరేనని స్టూలు మీద కూర్చున్నాను. కూర్చుని ఊరుకోకుండా, “నాకు దువ్వెనలు వద్దు. నేను చదువుకున్నోణ్ని. అక్షరాల దిక్కు తిప్పుండ్రి” అన్నాను. ప్రిసిల్లా నా కుడికన్ను అరచేత్తో మూసింది. చార్టు దగ్గర ఉన్న శామ్యూల్ అట్టను గలగలలాడించిన చప్పుడు వినిపించింది. ఎడమకంటితో చూశాను. తెల్లగా ఏదో ఉంది, దాని మీద నల్లగా ఏదో ఉంది. ర, గ, ట, ప... మొదలుపెట్టి గడగడా అడుగు వరుస దాకా చదివాను. దాని కింద చిన్నగా ఉండే ప్రెస్సు పేరు కూడా చదివాను, పనిలో పనిగా.

మొదట ఒక పిల్లవాడు కిసుక్కుమన్నాడు. తర్వాత వరండా అంతా పగలబడి నవ్వింది. శామ్యూల్ చార్టు తిప్పనే లేదు. అక్కడ ఇంకా దువ్వెనలే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగి అక్షరం చూడని ముసలమ్మలకు కూడా తెలిసిపోయింది, సారు లేనివి చదువుతున్నాడని. ఒకామె అయితే, “మస్తు చదివినవ్ సారూ, జెర నా దువ్వెన సుత చదువు” అని తన తలలోంచి దువ్వెన తీసి చూపించింది.

నవ్వనివాళ్లం ఇద్దరమే. ఒకణ్ని నేను. రెండో మనిషి మల్లవ్వ. గోడకు ఆనుకుని కూర్చుని, పక్కనున్నామెను మోచేత్తో పొడుస్తూ, “ఏందే, ఏమైందే, ఎందుకు నవ్వుతున్నరే?” అని అడుగుతోంది. చార్టు ఆమెకు ఎదురుగానే, నాకంటే దగ్గరగా ఉంది.

ఆ ప్రశ్న విన్నాక ప్రిసిల్లా మొహం పాలిపోయింది. పొద్దున వేపచెట్టు కింద పాడింది భజన కాదని అప్పుడు చెప్పింది. ముసలివాళ్లు భయపడకుండా, నాకు తక్లీఫ్ కాకుండా, చార్టులో దువ్వెనల వరుసను పాట కట్టి నేర్పారు. పైకి, కుడికి, కిందికి, మళ్లీ పైకి అని చేతులు ఆడిస్తూ. ఆదివారం బడిలో చిన్నపిల్లలకు నేర్పే పద్ధతే అది. అక్కడ జవాబు చెప్పలేని పిల్ల ఉండకూడదు, ఉంటే టీచరుది తప్పు. చెప్పిన పిల్లకు చప్పట్లు, బిస్కెట్టు. వాళ్లకు తెలిసిన సేవ అది. వాళ్లను తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. వాళ్లు ఒక్కపూట నేర్పిన పాట అది. నేను నా పాటను ముప్పై ఏళ్లుగా పాడుతున్నాను.

పరీక్ష మళ్లీ మొదటినుంచి పెట్టాం. ఈసారి చార్టు వద్దని, ఒకే దువ్వెన గుర్తు గీసిన అట్టముక్కను శామ్యూల్ చేతికిచ్చి, ఇష్టం వచ్చినట్టు తిప్పమన్నాను. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాం. పాట పనిచేయలేదు. మధ్యాహ్నం దాకా శుక్లాలు లేని ఊళ్లో సాయంత్రానికి మా బస్సుకు సరిపడా శుక్లాలు దొరికాయి. డాక్టరమ్మ టార్చి వేసి మల్లవ్వ రెండు కళ్లూ చూసింది. తర్వాత నన్ను కూర్చోమని నా ఎడమకన్ను చూసింది. నీళ్లు మంచివన్నారు కదా నర్సింగ్ గారూ అన్నది, అంతే.

మల్లవ్వ బస్సెక్కనన్నది. కొంగు ముడి గట్టిగా పట్టుకుంది. “పొద్దుగాల పాస్ చేసి పొద్దుమూకి ఫెయిల్ చేస్తవా? గిదేం పరీక్ష? నేను పట్నం పోయొచ్చేసరికి నా జాగల ఇంకోదాన్ని వెడ్తరు.” హెడ్మాస్టర్ వచ్చి, బడి తెరిచేది జూన్‌లోనే గదా, అప్పటిదాకా వంటే లేదు, కళ్లు చేయించుకుని వస్తే పని నీదేనని అందరిముందూ చెప్పాడు. అయినా కదల్లేదు. ఆపరేషన్ అంటే ఏమీ ఉండదవ్వా, చీమ కుట్టినట్టు ఉంటది అంతే అని నేను ఎప్పుడూ చెప్పే మాట చెప్పాను. ఆమె నావైపు, నావైపు అంటే నాకు కొంచెం పక్కకి, చూసి అన్నది.

“నీది సుత గుడ్డి కన్నే గద. నువ్వు చేయించుకో ముందుగాల. నీది మంచిగైతే నేను పండుకుంట.”

జనం ఊరుకుంటారా? సారే ముందు, సారే ముందు అన్నారు. ఆ విధంగా సూపర్‌వైజర్‌గా పోయిన నేను పేషెంటుగా తిరిగొచ్చాను. బస్సులో మల్లవ్వ పక్క సీటు నాది. పిల్లలు దారిపొడవునా పాడారు. ప్రిసిల్లా పాడలేదు. బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆపరేషన్ గది ముందు నా బీపీ ఎక్కడికో పోయింది. బీపీ ఎక్కువుంటే కన్ను కోయరు, తగ్గేదాకా కూర్చోబెడతారు. ఎందరినో చెయ్యి పట్టుకుని ఆ తలుపు లోపలికి పంపిన మనిషిని, ఆకుపచ్చ గౌను వేసుకుని బెంచీ మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాను. రెండుసార్లు చూశారు, తగ్గలేదు. నా వెనకే మల్లవ్వ. చివరికి ఆమెకే విసుగొచ్చింది. “జరుగు సారూ. చీమ కుట్టినట్టు ఉంటదట” అని, సిస్టర్ చెయ్యి పట్టుకుని నాకంటే ముందు లోపలికి పోయింది. ఆమె బయటికొచ్చాక నా బీపీ తగ్గింది. సిగ్గుతో తగ్గిందని సిస్టర్లు ఇప్పటికీ అంటారు.

జూన్‌లో పరిశీలనకు ఆ ఊరు పోయాను. మల్లవ్వ బడి అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది, మొహం అంతకుముందు చూస్తే గదా. గొంతు వినగానే లేచి, చేటలోంచి ఒక రాయి తీసి, అరచేతిలో పెట్టి నా ఎడమకంటికి ఎదురుగా పట్టింది. “ఇదేంది చెప్పు?” రాయి అన్నాను. “పాస్” అన్నది.

ఆ క్యాంపు తర్వాత మా ఆసుపత్రిలో రెండు పద్ధతులు మారాయి. క్యాంపుల్లో చార్టుతో పాటు చేతిలో తిప్పే అట్ట తప్పనిసరి అయింది. సిబ్బంది కళ్లను ఏటా బయటి మనుషులు, బయటి చార్టుతో పరీక్షించాలని రాసిపెట్టారు. మొదటి ఏడు ఆ పనికి వచ్చింది ప్రిసిల్లా. నేను స్టూలు మీద కూర్చోగానే, నన్ను ఏమీ అడక్కుండా దువ్వెనల వైపే తిప్పింది. నేర్చుకున్నది ఇది: మనిషి చూస్తున్నాడో, గుర్తున్నది చెబుతున్నాడో జవాబు విని చెప్పలేం. అడిగే ప్రశ్నను తిప్పాలి. నా రెండు కళ్లకూ ఇప్పుడు అద్దాలున్నాయి. సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందు ఆగే బస్సుల నంబర్లు చదవగలను. అయినా ఎక్కేముందు కండక్టర్‌ను అడుగుతాను.