గాలికి పోని కొమ్మ

కొండలను నిలిపినవాడు, లోయల్లో ఊటలు పుట్టించినవాడు, జారిపడ్డవాణ్ణి చెయ్యి పట్టి లేపేవాడు అయిన దేవుడు స్తుతింపబడును గాక. ఆయన నన్ను ఎనిమిదేళ్ళు ఓర్చుకున్నాడు. ఆ ఓర్పును నేను ఇన్నాళ్ళూ ఆమోదం అనుకున్నాను. ఆ సంగతి రాయడానికే ఇవాళ కూర్చున్నాను.

ఈ శనివారం పొద్దున జైనూర్ దాటిన తర్వాత గుట్ట మీద, అడవి బాట రెండుగా చీలే చోట ఆగాం. రాత్రి కురిసిన వానకు ఎడమ బాట ఎక్కడో కోసుకుపోయింది. నాతో వచ్చిన ప్రభాకర్ సైకిల్ పక్కన పడుకోబెట్టి, పచ్చి టేకు కొమ్మ ఒకటి విరిచి ఆ బాటకు అడ్డంగా పెట్టాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. లేత టేకు ఆకు నలిగితే అరచేయి ఎర్రబడుతుంది. తడి ఆకు వాసన ముక్కుకు తగిలింది, చెయ్యి చూసుకున్నాను. నేను ఆ ఎరుపును ఒకసారి రక్తమని నమ్మనిచ్చాను. అది చెప్పాలంటే ముందు సోనేరావు దాదా గురించి చెప్పాలి. ఆయనను మీరెవరూ చూసి ఉండరు.

సోనేరావు దాదా గోండు మనిషి. ఆ గుట్టల మీది గూడేలకు ఉత్తరాలు, పెన్షన్ కాగితాలు, ఆధార్ కార్డులు మోసుకెళ్ళే తపాలా మనిషి. అప్పటికే యాభై అయిదు దాటాయి. ఆయనది గేర్లు లేని నల్ల సైకిల్. బ్రేకు రబ్బరు అరిగిపోతే పాత హవాయి చెప్పు ముక్క కోసి బిగించుకునేవాడు. నేను మంచిర్యాల నుంచి జైనూర్ బడికి టీచరుగా వచ్చిన కొత్తలో, జీతం కూడబెట్టి లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు ఉన్న గేర్ల సైకిల్ కొన్నాను. మొదటి రోజే రాళ్ళ దిగుడులో బోర్లాపడ్డాను. వెనక నుంచి గంట మోగింది.

"ఏం సారు, సైకిల్ మీద నువ్వెక్కినవా, నీ మీద సైకిల్ ఎక్కిందా?"

సంచీ భుజాన ఉండగానే నవ్వుకుంటూ దిగి నన్ను లేపాడు. దెబ్బ తగిలిన మోకాలి మీద ఏదో ఆకు పసరు పిండి, నన్ను మళ్ళీ ఆ దిగుడు పైకే తీసుకుపోయాడు.

"నువ్వు బండను సూస్తున్నవ్. బండను సూస్తే సైకిల్ బండ మీదికే పోతది. బండ పక్కపొంటి తొవ్వ ఉంటది సూడు, దాన్ని సూడు."

ఆ ఒక్క మాటతో నాకు దిగడం వచ్చింది. ఆ తర్వాత ఆ మాటను నేను మూడు సంఘాల్లో ప్రసంగాల్లో వాడాను. పాపాన్ని చూస్తూ నడిస్తే పాపం మీదికే పోతామని, ప్రభువును చూస్తూ నడవాలని చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మాట ఎవరిదో మాత్రం ఎక్కడా చెప్పలేదు. విగ్రహాలకు మొక్కే మనిషి పేరు ప్రసంగ వేదిక మీద ఎందుకు అనుకున్నాను.

అలా రెండేళ్ళు శనివారాలు ఆయన వెనకే తిరిగాను. ఎంత నిట్టనిలువు బాటైనా పెడల్ తొక్కుతూనే ఎక్కాలని నాకు పంతం. ఆయన మాత్రం ఎక్కలేని చోట హాయిగా దిగి, సైకిల్‌ను పసులను తోలినట్టు తోలుకుంటూ నడిచేవాడు. దిగావేం దాదా అని నన్ను నేనే పొగుడుకుంటూ ఎగతాళి చేస్తే, "గుట్ట ముందట నామోషి ఏంది సారు? గుట్ట మనకంటే ముందుగాల్ల పుట్టింది" అన్నాడు. నాకు తగ్గడం నేర్పాలని ఆయన అన్నాడో లేదో తెలియదు. నేను నేర్చుకోలేదన్నది మాత్రం తెలుసు.

ఒకసారి చీలిక దగ్గర ఆయన నాకంటే ముందు వెళ్ళి, వంగి, కొమ్మ ఒకటి నేల మీద పెట్టి, దాని మీద రెండు రాళ్ళు ఉంచడం దూరం నుంచి చూశాను. ఏదో మొక్కు తీర్చుకుంటున్నాడనుకున్నాను. ముఖం పక్కకు తిప్పుకుని, వినబడేలా ఒక కీర్తన అందుకున్నాను. ఆయన లేచి, నా పాట అయిపోయేదాకా ఆగి, అప్పుడు సైకిల్ ఎక్కాడు. అదేమిటని నేను అడగలేదు. అడిగితే నాకు మైల అంటుతుందనుకున్నాను. నిజానికి ఒక్క మాట అడిగి ఉంటే చాలు.

మా మంచిర్యాల సంఘంలో యవ్వనస్తులు నలుగురు నా సైకిల్ సంగతి విని, వాళ్ళూ సైకిళ్ళు సంపాదించి జీపు మీద వేసుకుని జైనూర్ వచ్చారు. ప్రభాకర్ వాళ్ళల్లో ఒకడు. ఆరాధనలో డోలక్ వాయించేవాడు. ఆ రోజు దాదా లేడు, తపాలా పంచడానికి వేరే గూడెం వైపు పోయాడు. దారి నాకు తెలుసన్నాను. చీలిక దగ్గర ఎడమ బాటకు అడ్డంగా పచ్చి టేకు కొమ్మ ఉంది, దాని మీద రెండు చిన్న రాళ్ళు ఉన్నాయి.

ప్రభాకర్ బ్రేకు పట్టి ఆగాడు. "సారూ, గిదేందో పెట్టిండ్రు. దాటొచ్చా?"

నలుగురూ నా వైపే చూస్తున్నారు. ఆదివారం బడిలో వాళ్ళకు వాక్యం నేర్పింది నేనే. "మన ప్రభువు ముందు ఇవన్నీ ఎంత?" అన్నాను. రాళ్ళు కాలితో తోసి, ఆ కొమ్మను రెండు చేతులా పట్టి, ఆకులు నలిగేలా లాగి లోయలోకి విసిరేశాను. ఎవరో ఆమెన్ అన్నారు. ముందు నువ్వు పో అని ప్రభాకర్‌తో అన్నాను.

మలుపు తిరిగాక బాట లేదు. ముందు రోజు వానకు గట్టు మొత్తం కూలి లోయలో పడింది. ప్రభాకర్ కేక మాత్రం వినబడింది. మేం అరుస్తుంటే అవతలి బాటలో పోతున్న దాదా విని సంచీ అక్కడే పెట్టి వచ్చాడు. వెదురు బద్దలు, తన తువ్వాలు కలిపి ప్రభాకర్ కాలికి, ఎడమ భుజానికి కట్టు కట్టి, తన వీపున వేసుకుని రోడ్డుదాకా మోశాడు. నా వీపు ఆయన వీపు కంటే పాతికేళ్ళు చిన్నది. నేను వెనక సైకిల్ తోసుకుంటూ నడిచాను.

మంచిర్యాల ఆసుపత్రిలో ప్రభాకర్ తల్లి మార్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. "నా బిడ్డ నెత్తురు సారూ, మీరు లేకుంటే నా బిడ్డ నాకు దక్కకపోవు" అని వాటిని కళ్ళకద్దుకుంది. అది నెత్తురు కాదమ్మా, ఆకు పసరు అని చెప్పడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.

మరునాడు ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు ప్రభాకర్‌ను లోయలో నుంచి ఎలా లేపాడో చెప్పాను. కొమ్మ సంగతి చెప్పలేదు. మోసుకొచ్చిన మనిషిని 'ఎవరో ఒక బాటసారి' అన్నాను. ముందు వరసలో కూర్చున్న ముగ్గురు యవ్వనస్తులు తలలు దించుకున్నారు. వాళ్ళు నా దగ్గర వాక్యం నేర్చుకున్నారు, ఆ రోజు మౌనం కూడా నేర్చుకున్నారు. ఆమెన్ అని తల ఎత్తితే, చిట్టచివరి బెంచీ మీద సోనేరావు దాదా కూర్చుని ఉన్నాడు. ప్రభాకర్‌ను చూడటానికి తెల్లవారి మొదటి బస్సుకు వచ్చి, మేమంతా ఇక్కడున్నామని తెలిసి ఇటు వచ్చాడట. చెప్పులు గుమ్మం బయట విడిచాడు.

ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "మంచిగ చెప్పినవ్ సారు" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నాదే తప్పు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"తొవ్వ తెగిందని మొన్న మాపటీలి అడ్డం కొమ్మ పెట్టిన. మీకు కనవడలే గదా? పిల్లగాడు పడ్డకాడి నుంచి అదే ఫికర్. రాళ్ళు చిన్నగైనయ్. గాలికి లేసిపోయినట్టుంది."

నా ముందు బండ ఉంది, దాని పక్కన బాట కూడా ఉంది. దాదా, గాలి కాదు, నేనే అనాలి, అంతే. చుట్టూ సంఘ పెద్దలు నిలబడి ఉన్నారు.

"గాలికే పోయి ఉంటుంది దాదా" అన్నాను.

ఆయన తల ఊపి, చెప్పులు వేసుకుని ప్రభాకర్‌ను చూడటానికి ఆసుపత్రి వైపు నడిచాడు.

ఆ తర్వాత నేను శనివారాలకు సాకులు వెతుక్కున్నాను. పరీక్షలన్నాను, సంఘం పనులన్నాను. ఎప్పుడైనా ఒంటరిగా గుట్ట ఎక్కితే, తెగిన ప్రతి బాట ముందూ దాదా పెట్టిన కొమ్మ కనబడేది. వాటి మీద ఇప్పుడు చిన్న రాళ్ళు లేవు. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని మోయాల్సిన బండలు ఉండేవి. ఒకసారి ఆయన వాగులో నుంచి అలాంటిది ఒకటి ఎత్తుకుని, మధ్యలో రెండుసార్లు దించి ఊపిరి తీసుకుంటూ ఎక్కుతుంటే, చెట్టు చాటున నిలబడి చూశాను. నా అబద్ధాన్ని ఆ మనిషి మోస్తున్నాడు. నేను సైకిల్ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాను. పోయినేడు వానల్లో ఆయన జ్వరంతో పోయాడు. చివరిదాకా గాలే అనుకుని పోయాడు.

ఈ శనివారం ప్రభాకర్ కూడా కొమ్మ మీద పెద్ద బండే పెట్టాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు, ఆ చేత్తో ఇప్పుడు డోలక్ వాయించలేడు. బండను ఒంటి చేత్తో దొర్లించాడు. "చిన్న రాళ్ళయితే గాలికి కొమ్మ పోతదని దాదా చెప్పిండు సారు" అన్నాడు, నా వైపు చూడకుండా.

"నువ్వు ఆయనకు చెప్పలేదా?" అన్నాను.

"మీరు చెప్తరనుకున్న" అన్నాడు.

చదువుతున్న సహోదరులారా, వచ్చే ఆదివారం నేను అదే సంఘం ముందు మళ్ళీ నిలబడతాను. మార్తమ్మ ముందు వరసలో ఉంటుంది. ఆమె కళ్ళకద్దుకున్నది ఏమిటో ఆమెకు చెప్పాలి. బాటసారి పేరు సోనేరావు అని చెప్పాలి. చివరి బెంచీ ఖాళీగా ఉంటుంది, అటు చూసి కూడా చెప్పాలి. నాకు క్షమాపణ దొరకాలని ఇప్పుడే అడగకండి. నా నోరు మళ్ళీ మూసుకోకుండా ఉండాలని మాత్రం నాతో కలిసి ప్రార్థన చేయండి.